సాల్ట్ పాయింట్‌లో రెండు రాత్రులు: గాలికీ తడికీ కెరటానికీ సిద్ధపడి వెళ్లండి

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరంగా సుమారు 90 మైళ్ల దూరంలో, సోనోమా కౌంటీలో హైవే 1ని ఆనుకుని ఉంటుంది సాల్ట్ పాయింట్ స్టేట్ పార్క్. సముద్ర తీరంలో క్యాంపింగ్ అనగానే మనవాళ్లకు రుషికొండో సూర్యలంకో గుర్తొస్తాయి. షార్టులు, చెప్పులు, ఒక దుప్పటి సర్దుకుని బయల్దేరతారు. అలా వచ్చినవాళ్లు మొదటి రాత్రి సగం కారులో హీటర్ వేసుకుని గడుపుతారు. ఇక్కడ ఇసుక తక్కువ, రాయి ఎక్కువ. నీళ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటాయి. తీరానికి దూరంగా ఉన్న సాంటా రోజాలో ఎండ మాడ్చేస్తున్న జులై మధ్యాహ్నం కూడా ఇక్కడ పొగమంచు కమ్ముకుని స్వెట్టర్ కావాల్సి వస్తుంది. రాత్రికి 8, 10 డిగ్రీలకు దిగుతుంది.

ఎప్పుడు వెళ్లాలి అంటే సెప్టెంబర్, అక్టోబర్. ఆకాశం తేటగా ఉంటుంది, గాలి కాస్త శాంతిస్తుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు పొగమంచు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే కాబట్టి, వాళ్ల మంకీ క్యాపులు, సాక్సులు ముందే సంచిలో వేయండి. నవంబర్ నుంచి మార్చి దాకా తుఫాను గాలులు. టెంటుకు కొత్తవాళ్లు ఆ నెలలు వదిలేయడమే మంచిది.

బుకింగ్ రిజర్వ్ కాలిఫోర్నియా వెబ్‌సైట్‌లో, ఆరు నెలల ముందు నుంచి, ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. ఒక్కో సైటుకు, అంటే టెంటు వేసుకునే చోటుకు, ఎనిమిది మంది వరకే. రెండు కుటుంబాలు దాటితే రెండో సైటు తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటించాలి. పాటలు, అంత్యాక్షరి అన్నీ పదిలోపే. ఇక్కడ షవర్లు లేవని ముందే ఇంట్లో చెప్పి ఉంచండి. అక్కడికి వెళ్లాక తెలిస్తే గొడవ.

రెండు క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి. గెర్స్‌ల్ కోవ్ హైవేకి సముద్రం వైపు. కెరటాల హోరు రాత్రంతా వినిపిస్తుంది, గాలి కూడా అంతే దగ్గరగా కొడుతుంది. వుడ్‌సైడ్ హైవేకి అవతల, చెట్ల మధ్య. పిల్లలతో, పెద్దవాళ్లతో మొదటిసారి వస్తే వుడ్‌సైడే నయం. సముద్రం చూడటానికి నడిచి వెళ్లొచ్చు, పడుకోవడానికి మాత్రం చెట్ల చాటు కావాలి. పెద్దవాళ్లుంటే టాయిలెట్‌కు దగ్గర సైటు చూసుకోండి. అర్ధరాత్రి తడి దారిలో టార్చి పట్టుకుని నడవడం వాళ్లకు కష్టం.

దారి విషయం. హైవే 101 నుంచి రివర్ రోడ్, గెర్న్‌విల్ మీదుగా జెన్నర్ చేరడం కడుపుకి కాస్త తేలిక. జెన్నర్ దాటాక దాదాపు 20 మైళ్లు కొండ అంచున మెలికలు. కొన్నిచోట్ల రోడ్డు మీదికి ఆవులు కూడా వస్తాయి. తొందర పడితే వెనక సీట్లో వాంతులు ఖాయం. పెట్రోలు సాంటా రోజాలోనో సెబాస్టొపోల్‌లోనో నింపేయండి. జెన్నర్ తర్వాత ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. మ్యాపులు, వాతావరణ సూచన, ఆటుపోట్ల పట్టిక అన్నీ అంతకుముందే ఫోన్లోకి దించుకోవాలి. చీకటి పడేలోపు చేరాలి. చీకట్లో, గాలిలో మొదటిసారి టెంటు వేయడం ఎవరివల్లా కాదు.

టెంటు

వసంతం, వేసవిలో గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తుంది. టెంటులో ఎత్తు తక్కువగా, సన్నగా ఉన్న వైపు వాయవ్యానికి తిప్పండి, తలుపు ఆగ్నేయానికి పెట్టండి. చలికాలం తుఫాను ముందు మాత్రం గాలి దక్షిణం వైపు నుంచి కొడుతుంది. మేలో సరిగ్గా ఉన్న అమరికే డిసెంబర్‌లో తెరచాపలా ఉబ్బుతుంది. పైన ఎండిపోయిన కొమ్మ వేలాడుతున్న చెట్టు కింద ఎంత చదునుగా ఉన్నా వేయొద్దు.

టెంటుతో వచ్చే సన్నటి మేకులు ఇక్కడి నేలకు చాలవు. పైన పలచటి మట్టి, కింద ఇసుకరాయి. రెండు దెబ్బలకే వంగిపోతాయి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే 10 అంగుళాల ఇనప మేకులు పన్నెండు, ఒక చిన్న సుత్తి తీసుకెళ్లండి. మేకు తల టెంటుకు దూరంగా వాలేటట్టు, ఏటవాలుగా దిగగొట్టాలి. నిట్టనిలువుగా కొట్టిన మేకు గాలి గుంజుళ్లకు మెల్లగా పైకి వచ్చేస్తుంది. నాలుగు మూలలు కొట్టేసి పని అయిపోయిందనుకోవడం అందరూ చేసే తప్పు. గాలిని తట్టుకునేవి మూలలు కాదు, పైకప్పు నడుము నుంచి దిగే తాళ్లు. సంచిలో చుట్టగా పడి ఉండే ఆ తాళ్లన్నీ విప్పి, బిగువుగా కట్టండి. తడికి నైలాన్ గుడ్డ సాగుతుంది కాబట్టి పడుకునే ముందు ఇంకోసారి బిగించాలి.

కింద పరిచే టార్పాలిన్ టెంటు అడుగు కన్నా రెండంగుళాలు చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే అంచులు లోపలికి మడవండి. బయటకు పొడుచుకు వచ్చిందంటే పైనుంచి కారే నీళ్లన్నీ పట్టుకుని సరిగ్గా మీ వీపు కిందకు చేరుస్తుంది. టెంటు కారుతోందని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు దొంగ ఈ టార్పాలినే.

నక్షత్రాలు కనిపిస్తున్నాయని పైకప్పు గుడ్డ తీసేసి పడుకోకండి. ఈ తీరంలోని బిషప్ పైన్ చెట్లు పొగమంచును సూదుల్లాంటి ఆకులతో పట్టి, చుక్కలు చుక్కలుగా రాత్రంతా కింద రాలుస్తాయి. వాన లేకపోయినా తెల్లారేసరికి దుప్పట్లు తడిసి ఉంటాయి.

లోపలి తడి వేరే సంగతి. నలుగురు పడుకుంటే ఊపిరిలోంచీ ఒంట్లోంచీ వచ్చే ఆవిరే తెల్లారేసరికి లీటరు దాకా ఉంటుంది. చలి వేస్తోందని గాలి కన్నాలన్నీ మూసేస్తే ఆ ఆవిరి గుడ్డకు పట్టి, గాలికి టెంటు ఊగినప్పుడు ముఖం మీద చిటపట రాలుతుంది. పైనున్న కన్నం ఒకటి, గాలి రాని వైపు తలుపు పైభాగం నాలుగంగుళాలు తెరిచి ఉంచండి. తడి బట్టలు లోపల ఆరేయకండి. స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ ఏ పరిస్థితిలోనూ టెంటు లోపలికి తేకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మెలకువ రాకుండానే చంపుతుంది.

పరుపు గురించి ఒక మాట. గాలి కొట్టే పెద్ద పరుపు మెత్తగానే ఉంటుంది, కానీ లోపలి గాలి నేల చల్లదనాన్ని నేరుగా వీపుకు అందిస్తుంది. పైగా చలికి గాలి కుంచించుకుని అర్ధరాత్రికల్లా మెత్తబడుతుంది. ఆర్ వాల్యూ (నేల చలిని అడ్డుకునే శక్తి) 3 లేదా 4 ఉన్న క్యాంపింగ్ మ్యాట్ తీసుకోండి. లేదా గాలి పరుపు మీదే ఒక ఫోమ్ మ్యాట్, దాని మీద రగ్గు వేయండి. చలి ఎక్కువగా కింద నుంచే వస్తుంది కాబట్టి రెండో దుప్పటి కప్పుకోవడం కన్నా పరుచుకోవడం మేలు. స్లీపింగ్ బ్యాగు 30 ఫారెన్‌హీట్ (దాదాపు సున్నా సెల్సియస్) రకం చాలు. జీన్స్, నూలు బట్టలు ఒకసారి చెమ్మగిల్లితే ఇక్కడ ఆరవు. ఉన్ని లేదా ఫ్లీస్ తెచ్చుకోండి.

వంట

కొరియన్, ఇండియన్ దుకాణాల్లో దొరికే బ్యుటేన్ టేబుల్ స్టవ్ ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇక్కడ చల్లటి పొద్దున్న దాని మంట నీరసించిపోతుంది. బ్యుటేన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేకొద్దీ ఆవిరి కావడం తగ్గిపోతుంది, వాడుతున్నకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్, మూడు పక్కలా గాలి అడ్డు ఉన్నది తీసుకోండి. ఒక పౌను ప్రొపేన్ సిలిండర్‌లో సుమారు 21,000 బీటీయూల (వేడి కొలత) ఇంధనం ఉంటుంది. అంటే గంటకు 10,000 బీటీయూల బర్నర్ ఒకటి పూర్తి మంట మీద రెండు గంటలు. నలుగురికి రెండు రాత్రులకు రెండు సిలిండర్లు సరిపోతాయి, గాలి రోజుల కోసం మూడోది ఉంచుకోండి.

తిరగమోత ఇంట్లోనే పెట్టుకు రండి. గాలిలో ఆవాలు చిటపటలాడించడం నూనె మంటతో చెలగాటం, పైగా ఆ వాసనకు రకూన్లు (తిండి ఎత్తుకుపోయే చిన్న అడవి జంతువులు) వరస కడతాయి. ఉప్మాకి: రెండు కప్పుల బొంబాయి రవ్వ దోరగా వేయించండి. మూడు చెంచాల నూనెలో ఆవాలు, శనగపప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు గలగలలాడేదాకా వేయించి అందులో కలిపి, ఉప్పు వేసి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి. కరివేపాకులో తడి మిగిలితే ముక్క వాసన వస్తుంది. అక్కడ ఐదున్నర కప్పుల నీళ్లు మరిగించి, రవ్వ పోస్తూ కలపడమే. నలుగురికి పది నిమిషాల్లో టిఫిన్. రాత్రికి పులిహోర పేస్టు, కుక్కర్లో అన్నం. బియ్యం అరగంట నానబెడితే గ్యాసు కలిసొస్తుంది. దోశ పిండి తేవాలనిపిస్తే డబ్బాలో సగం దాకే నింపండి. మలుపుల దారిలో పులిసి మూత ఎగిరితే ఆ కారు నెల రోజులు వాసన కొడుతుంది.

ఐస్ ముక్కల కన్నా, గడ్డ కట్టించిన నీళ్ల సీసాలు రెండింతలు నిలుస్తాయి, కరిగాక తాగొచ్చు కూడా. కూల్‌డ్రింకులకు వేరే డబ్బా పెట్టండి. పిల్లలు పదిసార్లు తెరిచేది అదే. తిండి, సబ్బు, టూత్‌పేస్టు ఏదీ రాత్రి బల్ల మీద వదలొద్దు, కారులోనో ఫుడ్ లాకర్‌లోనో పెట్టాలి. రకూన్లకు కూలర్ మూత తీయడం తెలుసు. పగటి పూట బొంతకాకులు బ్యాగు జిప్పులు లాగేస్తాయి. బియ్యం కడిగిన నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు నేల మీద పారబోయకుండా మెతుకులు వడగట్టి, నీళ్లు బకెట్లో పట్టి, పారబోయమని చూపించిన చోటే పోయండి.

కట్టెలు ఇంటి దగ్గర నుంచి మోసుకు రావద్దు. వాటితో పురుగులు, చెట్ల తెగుళ్లు వస్తాయి. పార్కులో పడి ఉన్న కొమ్మలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలు ఏరడం నిషేధం. దారిలోనో క్యాంప్ దగ్గరో కొనండి, రాత్రికి రెండు కట్టలు. మంట ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కెలికి, మళ్లీ పోసి, అరచేతి వెనక భాగం దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగిలితే ఆరలేదన్నట్టే. బూడిద పొడిగా వదిలేస్తే రాత్రి గాలికి నిప్పు మళ్లీ లేస్తుంది.

సముద్రం దగ్గర

ఈ వ్యాసంలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ఈ తీరంలో ప్రాణాలు తీసేది ఈత కాదు, రాళ్ల మీద నిలబడి ఫోటో తీసుకోవడం. పావుగంట, ఇరవై నిమిషాలు చిన్న అలలే వచ్చి, ఉన్నట్టుండి వాటికి రెట్టింపు కెరటం రాయి ఎక్కేస్తుంది. ఇక్కడ దాన్ని స్నీకర్ వేవ్ అంటారు, దొంగ కెరటం అనుకోండి. వాతావరణ సూచనలో అల ఎత్తు ఒక్కటే చూడకండి, రెండు అలల మధ్య సమయం కూడా చూడండి. 8, 9 సెకన్లయితే మామూలు గాలి అలలు. 15 సెకన్లు దాటితే ఎత్తు ఆరడుగులే ఉన్నా ఆ నీళ్లు చాలా పైదాకా పాకుతాయి. ఆ రోజు రాళ్ల మీదికి దిగొద్దు.

దిగే ముందు ఇరవై నిమిషాలు ఎత్తు మీద నిలబడి చూడండి. తడిసి నల్లగా ఉన్న రాయి అంటే కెరటం అక్కడి దాకా వస్తుందనే. సముద్రానికి వీపు తిప్పొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు. ఎవరైనా పడితే వెనక దూకకండి. చల్లటి నీటి దెబ్బకు మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది, కాపాడబోయినవాళ్లే పోతారు. తేలేది ఏదైనా, ఖాళీ కూలర్ అయినా సరే, విసరండి. ఒకరు కళ్లు తిప్పకుండా మనిషిని చూపిస్తూ ఉండాలి, ఇంకొకరు సాయం కోసం, సిగ్నల్ కోసం పరుగెత్తాలి.

రాళ్ల గుంటల్లో నక్షత్ర చేపలు, సముద్రపు ఎనిమోన్లు చూడాలంటే ఆటుపోట్ల పట్టికలో అరీనా కోవ్ అనే కొలత కేంద్రం చూడండి. రోజుకు రెండు పోట్లు (నీళ్లు పెరగడం), రెండు పాట్లు (నీళ్లు తగ్గడం). రెండు పాట్లూ సమానం కావు, సున్నాకు దిగువన ఉన్నదే మీకు కావాల్సింది. వసంతం, వేసవిలో అది తెల్లవారుజామున, చలికాలంలో మధ్యాహ్నం వస్తుంది. పాటుకు గంట ముందు దిగి, నీళ్లు తిరిగే వేళకు ఎక్కేయాలి. గెర్స్‌ల్ కోవ్ మెరైన్ రిజర్వ్, గవ్వ కూడా తీయకూడదు. అబలోనీ అనే పెద్ద సముద్రపు నత్తల వేట ఈ తీరమంతటా 2018 నుంచి మూసే ఉంది. ఒడ్డున ఒంటరిగా కనిపించే సీల్ పిల్ల తప్పిపోలేదు, తల్లి వేటకెళ్లింది. 50 గజాల దూరంలో ఉండండి.

పగలు నడవడానికి గెర్స్‌ల్ కోవ్ నుంచి ఉత్తరంగా స్టంప్ బీచ్ వరకు, పోనురాను మూడు మైళ్ల లోపే. దారి పొడవునా ఇసుకరాయి తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉంటుంది, దాన్ని టాఫోనీ అంటారు. ఉప్పు నీరు రాతిలో ఇంకి, ఎండి, స్ఫటికాలై రేణువులను వదులు చేస్తే అలా అవుతుంది. వేలితో గోకితేనే రాలుతుంది కాబట్టి ఎక్కకండి. ఇలాంటి రాతి పగుళ్లలోంచే కషాయా పోమో అనే ఇక్కడి ఆదివాసీలు ఉప్పు సేకరించేవారు, పార్కు పేరు అందుకే. 1800లలో ఇక్కడి రాతిని కొట్టి ఓడల్లో శాన్ ఫ్రాన్సిస్కోకు తరలించారు, ఓడలు కట్టిన ఇనప కొక్కేలు ఇంకా రాళ్లలో కనిపిస్తాయి. ఒంటికి తగిలితే దద్దుర్లు లేపే మూడు ఆకుల పాయిజన్ ఓక్ మొక్క తగలకుండా నిండు ప్యాంటు వేసుకోండి. తిరిగొచ్చాక మోకాళ్ల వెనక పిడుదులు వెతకండి.

వానాకాలంలో ఇక్కడ పుట్టగొడుగులు ఏరుకోవడానికి పరిమితితో అనుమతి ఉంది. మనవాళ్లు ఆ జోలికి పోకపోవడమే మంచిదని మా అభిప్రాయం. కాలిఫోర్నియాలో పెరిగే డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు లేతగా ఉన్నప్పుడు మన వరిగడ్డి పుట్టగొడుగులాగే ఉంటుంది. ఆసియా నుంచి వచ్చినవాళ్లు అలా పొరబడి లివర్ పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. వండినా ఆ విషం పోదు.

టెంటు విప్పే రోజు అది తడిగానే ఉంటుంది, ఆరుతుందని ఎదురు చూస్తే మధ్యాహ్నం 12 దాటి, ఖాళీ చేయాల్సిన సమయం అయిపోతుంది. చుట్టేసి తెచ్చుకుని, ఇంటికి రాగానే గ్యారేజీలోనో బాల్కనీలోనో పరిచేయండి. రెండు రోజులు సంచిలోనే ఉంటే బూజు మచ్చలు పడతాయి, ఆ వాసన ఇక వదలదు. జిప్పులను, మేకులను మంచినీళ్లతో కడగండి. ఉప్పు పట్టిన జిప్పు వచ్చే ట్రిప్పులో, అదీ వాన పడుతున్నప్పుడే, సగంలో ఆగిపోతుంది.