సైన్స్ ఫెయిర్‌కి మంచులో దాక్కున్న కుందేలు మోడల్ ఎలా చేయాలి?

నెల్లూరు చుట్టుపక్కల ఏ సైన్స్ ఫెయిర్‌కి వెళ్ళినా ఇదే వరస: నీలం చార్టు, గుట్టగా దూది, మధ్యలో ప్లాస్టిక్ ఎలుగుబంటి, పక్కన ‘రక్షక వర్ణం’ అని బోర్డు. హాలు ఆ చివర నుంచే ఎలుగు కనిపిస్తుంటే ఇంక దాక్కున్నదేంటి? చూసేవాళ్ళు కాసేపు వెతుక్కోవాలి, అప్పుడే అది మోడల్.

అట్టపెట్టె, థర్మకోల్, కట్టర్, ఫెవికాల్, తెల్ల ముగ్గుపిండి, ట్రేసింగ్ పేపర్, ఎల్ఈడీ బల్బు. అన్నీ ట్రంకు రోడ్డులో దొరుకుతాయి. స్ప్రే పెయింట్ వద్దు, థర్మకోల్ కరిగిపోతుంది.

పెట్టె ముందువైపు కోసేసి అడుగుకీ గోడలకీ థర్మకోల్ అంటించండి. అదే థర్మకోల్‌తో కూర్చున్న కుందేలును చెక్కండి. అన్నిటికీ ఫెవికాల్ పూసి ఒకే ప్యాకెట్‌లోని ముగ్గుపిండి చల్లండి. దూది మాత్రం నిషేధం, అది మబ్బులా ఉంటుంది గానీ మంచులా కాదు. ఉప్పు చల్లమనేవాళ్ళూ ఉన్నారు, మన సముద్రపు గాలికి తెల్లారేసరికి చెమ్మెక్కి కూర్చుంటుంది. చెవుల కొసలకి నలుపు వేయండి, ఉత్తర అమెరికాలోని స్నోషూ కుందేలుకి చలికాలంలోనూ అవి నల్లగానే ఉంటాయి.

ఇప్పుడు అసలు పని, నీడ. అందరూ చెడగొట్టేది ఇక్కడే. రంగు ఎంత బాగా కలిసినా పొట్ట కింద నల్లటి గీత పడితే కుందేలు దొరికిపోయినట్టే. అందుకే దాని అడుగు భాగం చదునుగా కోసి నేలకి అంటించి, చుట్టూ పిండిని వాలుగా ఎక్కించండి, ఎక్కడా సందు ఉండకూడదు. బల్బు పక్క నుంచి కాదు, పైనుంచే వెలగాలి, దాని కింద ట్రేసింగ్ పేపర్ అడ్డం కట్టండి, మబ్బు పట్టిన రోజు వెలుతురులా పరుచుకుంటుంది. అయినా వీపు మరీ మెరుస్తుంది, పొట్ట మసకేస్తుంది, దాంతో గుండ్రని ఆకారం బయటపడుతుంది. వీపు మీద చిటికెడు విభూది రాయండి. పొయ్యి బూడిద కాదు, విభూదే. జంతువులకి వీపు ముదురు, పొట్ట లేత ఎందుకో ఈ లెక్కతోనే 1896లో అబాట్ థేయర్ అనే చిత్రకారుడు వివరించాడు.

ఇలా మంచులో దాక్కోవడం సైన్యం ఎక్కడ వాడిందని ఎవరైనా అడిగితే ఫిన్లాండ్ చెప్పండి. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు దాడి చేసినప్పుడు చాలామందికి తెల్ల దుస్తులే లేవు, ఫిన్లాండ్ వాళ్ళేమో యూనిఫాం మీద తెల్ల అంగీలు తొడుక్కుని స్కీల మీద తిరిగారు. వాళ్ళలో సిమో హాయ్‌హా అనే గురికాడు తుపాకీ గొట్టం ముందు మంచును గట్టిగా అదిమేవాడు, పేలినప్పుడు పొడి ఎగిరితే జాడ తెలిసిపోతుందని. తెల్లబట్ట ఒక్కటే సరిపోదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంకో కుందేలును కూడా చేసి ఎర్రమట్టి ట్రేలో పెట్టండి. స్నోషూ కుందేలు బొచ్చు చలికాలానికి తెల్లబడుతుంది, కానీ ఆ రంగు మారేది పగటి నిడివిని బట్టి, మంచు పడిందా లేదా అని చూసి కాదు. మంచు ఆలస్యమైన ఏడు తెల్ల కుందేలు మట్టినేల మీద కొట్టొచ్చినట్టు కనబడి వేటకి దొరుకుతుంది.

పెట్టె మీద ‘కుందేలు’ అని రాయకండి. వచ్చినవాళ్ళని వెతకనివ్వండి, జడ్జీలనైనా సరే. ఇంక మావల్ల కాదన్నాక బల్బు ఆపేసి పక్క నుంచి టార్చి కొట్టండి, నీడ పొడుగ్గా పడి కుందేలు దానంతటదే బయటపడుతుంది.