డీసీటీ బైకు ఆపాక స్టాండు మీద నిలవట్లేదా? ముందు ఇది చూడండి

డీసీటీ అంటే డ్యూయల్ క్లచ్ ట్రాన్స్‌మిషన్, గేర్లు తనే మార్చుకునే బైకు. క్లచ్ లివరు, గేరు పెడలు లేని బైకు ఆపడంలో ఏముంది, తాళం తిప్పితే సరిపోతుంది కదా అంటారు. నా దగ్గరికి వచ్చే డీసీటీ ఫిర్యాదుల్లో సగం ఆ తాళం తిప్పిన తర్వాత మొదలైనవే.

సమస్య: ఇంజిన్ ఆపి స్టాండు వేసి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బండి పడి ఉంది

మామూలు బైకుని ఫస్ట్ గేరులో ఆపితే కదలదు. క్లచ్‌ని స్ప్రింగులు మూసి ఉంచుతాయి కాబట్టి చక్రం తిరగాలంటే ఇంజినూ తిరగాలి. డీసీటీలో ఉన్న రెండు క్లచ్‌లనూ మూసేది ఆయిల్ ప్రెషర్. ఇంజిన్ ఆగితే ప్రెషర్ పోతుంది, రెండూ విడిపోతాయి. పైగా తాళం తీయగానే గేర్‌బాక్సు తనంతట తానే న్యూట్రల్‌కి వెళ్లిపోతుంది. 2010లో వీఎఫ్‌ఆర్1200ఎఫ్‌తో హోండా ఈ పద్ధతి తెచ్చినప్పటి నుంచీ ఇంతే. అందుకే ఈ బైకులకు వేరేగా పార్కింగ్ బ్రేకు ఇచ్చారు. "గేరులోనే ఆపాను సార్" అని ఎవరైనా అంటే నేనింకేమీ అడగను.

బ్రేకు వేయకపోతే వేయండి, అక్కడితో సరి. వేసినా కదిలితేనే అసలు కథ.

నా బండి ఇలాగే పడింది. కాస్త వాలుగా ఉన్న చోట పార్కింగ్ లివరు లాగాను, డాష్ మీద ఎర్ర లైటు వెలిగింది, స్టాండు వేసి వెళ్లాను. పది నిమిషాల్లో వచ్చి చూస్తే ఎడమవైపు పడుంది, అద్దం పగిలింది. స్టాండు స్ప్రింగు మీద అనుమానపడి కొత్తది వేశాను. నెల తిరక్కుండా మళ్లీ పడింది. అప్పుడు గానీ వెనక చక్రం దగ్గర కూర్చుని చూడలేదు. లివరు పూర్తిగా లాగి ఉన్నా చక్రం చేత్తో తిప్పితే తిరుగుతోంది! కేబుల్ వదులైపోయింది, పార్కింగ్ ప్యాడ్లు డిస్కుని అలా తాకి ఊరుకుంటున్నాయి.

మనల్ని మోసం చేసేది ఆ ఎర్ర లైటు. దాని స్విచ్చి ఉండేది లివరు దగ్గర. లివరు లాగారని మాత్రమే అది చెబుతుంది, ప్యాడ్లు పట్టాయో లేదో దానికి తెలియదు. సమతలం మీద ఈ లోపం బయటపడదు, ఎందుకంటే అక్కడ బ్రేకు లేకపోయినా బండి నిలుస్తుంది.

కాబట్టి బ్రేకు వేశాక, స్టాండు దించకముందే, సీటు మీద ఉండగానే బండిని ముందుకీ వెనక్కీ ఒకసారి గట్టిగా ఊపండి. కదిలితే బ్రేకు పట్టలేదన్నమాట. రెండు సెకన్ల పని. దీన్ని వదిలేసి స్టాండుని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

సరిచేయడానికి లాక్‌నట్ వదులు చేసి, అడ్జస్టర్ కొద్దికొద్దిగా తిప్పి, కేబుల్‌లో వదులు తీసేయండి. తర్వాత వెనక చక్రం పైకి లేపి, లివరు వదిలేసి తిప్పండి. స్వేచ్ఛగా తిరగాలి. ఎక్కడైనా రాసుకుంటుంటే అతిగా బిగించారు, అలాగే నడిపితే డిస్కు కాలిపోతుంది. బిగించిన కొద్ది రోజులకే మళ్లీ వదులైతే కేబుల్ సంగతి పక్కన పెట్టి ప్యాడ్లు చూడండి. బ్రేకు వేసి ఉన్న సంగతి మరిచిపోయి బండి నడిపేవాళ్లకు అవి త్వరగా అరిగిపోతాయి.

వాలులో ఆపాల్సి వస్తే ముందు చక్రం ఎత్తువైపు పెట్టండి. సైడ్ స్టాండు వెనక్కి మడుచుకుంటుంది కాబట్టి బండి ముందుకు జారితేనే అది లేచిపోతుంది, వెనక్కి జారితే ఇంకా గట్టిగా నిలుస్తుంది.

సమస్య: పొద్దున్నకి బ్యాటరీ డౌన్

కిల్ స్విచ్చితో (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్చి) ఇంజిన్ ఆపి తాళం తీయడం మరిచిపోయారు. డి (డ్రైవ్) లో ఉండగా స్టాండు దించితే ఇంజిన్ ఆగిపోతుంది కదా, ఆ అలవాటుతోనూ ఇదే జరుగుతుంది. ఇంజిన్ ఆగినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. బ్యాటరీ ఛార్జ్ చేయండి, ఆపే పని తాళంతోనే చేయండి.

సమస్య: స్టార్టర్ తిరగట్లేదు

కిల్ స్విచ్చి ఆఫ్‌లో ఉందేమో చూడండి. పదింట తొమ్మిది సార్లు అదే. ఆన్‌లోనే ఉంటే డాష్ మీద ఎన్ (న్యూట్రల్ గుర్తు) కనిపిస్తోందో లేదో చూసి, లేకపోతే తాళం ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి.

సమస్య: తాళం తీయగానే లోపల టక్కుమంది

గేరు న్యూట్రల్‌కి వెళ్లిన చప్పుడు. టెన్షన్ పడకండి.

స్విచ్చి, సెన్సారు, కంట్రోల్ యూనిట్ పాడవడం లాంటివి అరుదు. పైవన్నీ చూశాక కూడా ఎన్ రాకపోతే సర్వీసుకి ఇవ్వండి, ఇంట్లో విప్పకండి.