డిజిటల్ టీకా రికార్డు తారుమారు: ఏ పనికి ఏ శిక్ష పడుతుందో తెలుసుకోవడం ఎలా

టీకా వేయించుకోకుండానే వేయించుకున్నట్టు చూపే సర్టిఫికెట్‌కు ఎన్నేళ్ల జైలు పడుతుందని అడిగితే ఒక్క అంకెతో జవాబు దొరకదు. చాలా చోట్ల నకిలీ టీకా రికార్డు అనే పేరుతో విడిగా నేరం లేదు; ఫోర్జరీ, మోసం, కంప్యూటర్ నేరాలకు సంబంధించిన సాధారణ సెక్షన్లనే దానికి వర్తింపజేస్తారు. అందువల్ల శిక్ష తెలుసుకోవాలంటే ముందుగా జరిగిన పనిని విడదీసి చూడాలి: పత్రాన్ని ఎవరు తయారు చేశారు, రిజిస్టరులో ఎవరు నమోదు చేశారు, ఎవరు ఎక్కడ చూపించారు, ఎవరి లాగిన్ వాడారు.

మొదట తేల్చుకోవలసింది, మారింది సర్టిఫికెట్ చిత్రమా లేక అసలు రిజిస్టరా అన్నది. డిజిటల్ సర్టిఫికెట్ మీది క్యూఆర్ కోడ్‌లో పేరు, టీకా, తేదీ వంటి వివరాలతో పాటు జారీ చేసిన సంస్థ డిజిటల్ సంతకం కూడా ఉంటుంది. మరొకరి పీడీఎఫ్‌లో పేరు చెరిపి తన పేరు రాసుకున్నవారి పత్రం చూడటానికి సవ్యంగానే ఉంటుంది, కానీ స్కాన్ చేసిన వెంటనే తెర మీద అసలు వ్యక్తి పేరే వస్తుంది. కోడ్‌లోనే ఒక్క అక్షరం మార్చినా సంతకం సరిపోలదు. ఇది పత్రం ఫోర్జరీ. టీకా కేంద్రం సిబ్బందే సిరంజి పట్టకుండా డోసు వేసినట్టు నమోదు చేస్తే పరిస్థితి వేరు. అప్పుడు క్యూఆర్ కోడ్ ఏ లోపమూ లేకుండా పనిచేస్తుంది, ఎందుకంటే అబద్ధం రిజిస్టరులోనే ఉంది. ఇటువంటి కేసులు లాగిన్ ఐడీ, నమోదు సమయం, బ్యాచ్ నంబరు, ఆ రోజు వాడిన వయల్స్ (టీకా మందు సీసాలు) లెక్క పక్కపక్కన పెట్టి చూసినప్పుడు బయటపడతాయి.

భారతదేశంలో తర్వాత చూడవలసింది పని జరిగిన తేదీ. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది గనుక ఆ తర్వాతి పనులకు అందులోని సెక్షన్లు వర్తిస్తాయి. 2021లో కోవిన్ (ప్రభుత్వ కోవిడ్ టీకా పోర్టల్) సర్టిఫికెట్ దిద్దినవారి మీద కేసు ఈనాడు విచారణకు వచ్చినా పాత శిక్షాస్మృతినే చూడాలి. సంహితలో సెక్షన్ 336 ప్రకారం సాధారణ ఫోర్జరీకి రెండేళ్ల వరకు, మోసం చేసే ఉద్దేశంతో చేసిన ఫోర్జరీకి ఏడేళ్ల వరకు జైలు ఉంటుంది. ప్రభుత్వోద్యోగి అధికారిక హోదాలో జారీ చేసినట్టు కనిపించే సర్టిఫికెట్‌ను సృష్టిస్తే సెక్షన్ 337 కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. ఈ సెక్షన్లు కాగితానికే పరిమితం కావు, వాటిలో ఎలక్ట్రానిక్ రికార్డు అన్న మాట స్పష్టంగా ఉంది. కాబట్టి ఫోన్‌లో ఉన్నది ఫైలే కదా అన్న వాదన నిలబడదు.

చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది సెక్షన్ 340ని. తయారు చేసినవాడే నేరస్థుడు, కొనుక్కుని చూపించినవాడు కాదు అనుకుంటారు. నకిలీ అని తెలిసి, లేదా నకిలీ అని నమ్మడానికి తగిన కారణం ఉండి కూడా దాన్ని అసలుదిగా వాడినవారికి, స్వయంగా ఫోర్జరీ చేసినట్టే శిక్ష పడుతుందని ఆ సెక్షన్ చెబుతుంది. తాను ఏ కేంద్రానికీ వెళ్లలేదని, తన చేతికి సూది గుచ్చలేదని ఎవరికైనా తెలిసే ఉంటుంది. డబ్బు పంపి సర్టిఫికెట్ తెప్పించుకున్న వ్యక్తి నాకు తెలియదు అంటే కోర్టు నమ్మడం కష్టం.

దీనికి సమాచార సాంకేతిక చట్టం, 2000 కూడా తోడవుతుంది. మోసపూరితంగా, అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని సమాచారాన్ని మార్చడం లేదా చెరపడం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలుకు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానాకు, లేదా రెండింటికీ దారి తీస్తుంది. సహోద్యోగి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడి నమోదు చేస్తే సెక్షన్ 66సి, ఆన్‌లైన్‌లో మరొకరిగా నటించి మోసగిస్తే 66డి వర్తిస్తాయి. ఈ రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అయితే ఇవన్నీ గరిష్ఠ పరిమితులే. అసలు శిక్షను కోర్టు నిర్ణయిస్తుంది. ఒకే పనికి ఉన్న సెక్షన్ల ఏళ్లన్నీ కూడి మొత్తం చెప్పడం సరైన పద్ధతి కాదు.

ఇతర దేశాల చట్టం చదివేటప్పుడు కూడా ఇదే క్రమం పనికొస్తుంది. న్యూయార్క్ రాష్ట్రం 2021 డిసెంబరులో తెచ్చిన చట్టం పైన చెప్పిన విభజననే పాటించింది: కోవిడ్ టీకా రికార్డును తప్పుగా సృష్టించడం చిన్న నేరాల్లో పై తరగతికి చెందుతుంది, కంప్యూటర్‌లోని టీకా సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా మార్చడం మాత్రం తీవ్ర నేరమవుతుంది. జర్మనీ అనుభవం మరో సంగతి చెబుతుంది. నకిలీ టీకా పుస్తకాన్ని ఫార్మసీలో చూపి డిజిటల్ సర్టిఫికెట్ అడగడం అప్పటి చట్టం ప్రకారం శిక్షార్హం కాదని 2021 అక్టోబరులో ఓస్నాబ్రుక్ కోర్టు తేల్చగా, మరుసటి నెలలోనే చట్టాన్ని సవరించారు. ఆ తర్వాత 2022 నవంబరులో అక్కడి ఫెడరల్ న్యాయస్థానం, సవరణకు ముందు చేసిన ఫోర్జరీకి కూడా సాధారణ ఫోర్జరీ సెక్షన్ వర్తించేదని స్పష్టం చేసింది. చట్టంలో సందు ఉందని ఎవరో చెప్పిన మాటను పట్టుకుని ముందుకు వెళ్లినవారి సంగతి ఏమైందో చెప్పనవసరం లేదు.

జైలు, జరిమానాలతోనే వ్యవహారం ముగియదన్నది కూడా గమనించాలి. న్యూయార్క్‌లోనే ఒక మంత్రసాని దాదాపు 1,500 మంది పిల్లలకు టీకాల బదులు హోమియో గుళికలు ఇచ్చి, రాష్ట్ర రిజిస్టరులో టీకాలు వేసినట్టు నమోదు చేసిన సంగతి బయటపడినప్పుడు, ఆరోగ్య శాఖ 2024లో ఆమెకు మూడు లక్షల డాలర్ల జరిమానా విధించింది. అది క్రిమినల్ శిక్ష కాదు, పరిపాలనాపరమైన జరిమానా. కానీ ఆ నమోదులన్నీ చెల్లకుండా పోయాయి. ఆ పిల్లలు అసలైన టీకాలు వేయించుకుంటే గాని బడిలో కూర్చోవడానికి వీలు లేకపోయింది.

ఇక నిజాయితీగా జరిగిన పొరపాటు. పేరులో అక్షరం తప్పడం, వేయించుకోని డోసు మీ పేరిట కనిపించడం నేరం కాదు, ఎందుకంటే ఫోర్జరీకి మోసపూరిత ఉద్దేశం ఉండాలి. కానీ ఆ తప్పును మీరే పీడీఎఫ్‌లో దిద్దుకోకూడదు. ఉద్దేశం మంచిదే అయినా తర్వాత రుజువు చేసుకోవలసిన పరిస్థితి మీదే అవుతుంది. జారీ చేసిన సంస్థ ద్వారానే సరిచేయించుకోవాలి. కోవిన్‌లో పేరు, పుట్టిన సంవత్సరం, లింగం దిద్దుకోవడానికి వీలు కల్పించడమే కాక, 2022 జనవరిలో పొరపాటున నమోదైన టీకా స్థితిని రద్దు చేయించుకునే సౌకర్యాన్ని కూడా చేర్చారు. పచ్చజ్వరం టీకాకు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువపత్రం మీదనైతే, దిద్దుబాటు గాని కొట్టివేత గాని ఉంటే పత్రం చెల్లకపోవచ్చని ముద్రించే ఉంటుంది.

మీ పేరిట ఎవరో తప్పుడు నమోదు చేశారని తెలిస్తే సందేశాలు, నమోదు తేదీ, రిఫరెన్సు నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ముందు జారీ చేసిన సంస్థకు రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు రసీదు తీసుకోవాలి. భారత్‌లో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ, ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమాచారం ఇచ్చినప్పుడు మూడు రోజుల్లోగా దాని మీద మీరు సంతకం చేయవలసి ఉంటుంది. డబ్బు కట్టి నకిలీ తీసుకున్నవారికి నోటీసు వచ్చినప్పుడు తోచే మొదటి ఆలోచన చాట్లన్నీ చెరిపేయడం. అది ఇంకో కేసును కొనితెచ్చుకోవడమే: సాక్ష్యంగా కోర్టు ముందుకు రాకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేస్తే సంహితలోని సెక్షన్ 241 కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. ఫోన్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, వాంగ్మూలం ఇవ్వక ముందే క్రిమినల్ న్యాయవాదిని కలవాలి.