షాపు మీద బోర్డు, పెరట్లో షెడ్డు: డాలస్ వైపు కొత్తగా వచ్చినవారు సిటీ కౌన్సిల్ గురించి తెలుసుకోవాల్సినవి

డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లు కొనుక్కునేవాళ్లు స్కూళ్ల గురించి అడుగుతారు, ప్రాపర్టీ ట్యాక్స్ గురించి అడుగుతారు. పెరట్లో షెడ్డు ఎక్కడ వేసుకోవచ్చు, షాపు మీద బోర్డు ఎంత పెద్దది పెట్టొచ్చు అన్నది మాత్రం సిటీవాళ్లు తలుపుకి నోటీసు తగిలించి వెళ్లాక అడుగుతారు. అప్పటికి చేతులు కాలి ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ రూల్స్‌లో ఎక్కువ భాగం మీ సిటీ కౌన్సిల్ చేసే ఆర్డినెన్సులే, అంటే ఊరి చట్టాలే. టెక్సాస్‌లో జనాభా 5,000 దాటిన ఊరు, ఓటర్లు ఒప్పుకుంటే, సొంత చార్టర్ (ఊరి పాలనకి రాజ్యాంగం లాంటిది) రాసుకోవచ్చు. కాబట్టి రోడ్డుకి ఇటువైపు ఊళ్లో చెల్లే బోర్డు అటువైపు ఊళ్లో చెల్లకపోవచ్చు. ముందుగా మీరు ఏ సిటీలో ఉన్నారో చూసుకోండి. పోస్టల్ అడ్రస్‌లో ఒక ఊరి పేరుంటుంది, ఇల్లు పక్క ఊరి హద్దులో ఉంటుంది. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో ఏ సిటీకి పన్ను కడుతున్నారో అదే మీ సిటీ.

ఇంటి విషయానికొస్తే ఫెన్స్, పాటియో కప్పు, షెడ్డు, డ్రైవ్‌వే వెడల్పు చేయడం, వీటిలో దేనికి పర్మిట్ కావాలో పని మొదలుపెట్టకముందే సిటీకి ఫోన్ చేసి కనుక్కోండి. "దీనికి పర్మిట్ ఎందుకండీ" అనే కాంట్రాక్టర్ మాట నమ్మొద్దు. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాగితం తీసి చూడండి. వెనక కంచె పక్కన కరెంటు, డ్రైనేజీ లైన్ల కోసం ఈజ్‌మెంట్ (ఇతరులు వాడుకునే హక్కున్న స్థలం) అని గీత గీసి ఉంటే అక్కడ షెడ్డు కట్టకూడదు. హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకున్నంత మాత్రాన సిటీ ఒప్పుకున్నట్టు కాదు. రెండు అనుమతులూ వేరువేరుగా తీసుకోవాలి. అన్నట్టు, గడపకి కట్టిన తోరణం, గుమ్మం మీద వినాయకుడి బొమ్మ తీసేయమని హెచ్ఓఏ అంటే కంగారు పడకండి. ఇంటి దగ్గర మతపరమైన వస్తువులు పెట్టుకునే హక్కుని టెక్సాస్ చట్టం కాపాడుతుంది.

బోర్డుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మన ఊళ్లలో పండగొచ్చినా పుట్టినరోజొచ్చినా స్తంభానికో ఫ్లెక్సీ. ఇక్కడ కరెంటు స్తంభానికి కాగితం కూడా అంటించొద్దు. మీ ఇంటి ముందు కాలిబాటకీ రోడ్డుకీ మధ్య ఉన్న గడ్డి సాధారణంగా సిటీ రైట్ ఆఫ్ వే (రోడ్డు అవసరాలకి కేటాయించిన స్థలం) కిందకి వస్తుంది. గడ్డి కోయాల్సింది మీరే, బోర్డు పాతే హక్కు మాత్రం ఉండదు. సంక్రాంతి సంబరాలకి బాణం గుర్తులు పాతేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అలాగని సిటీ ఏం చెప్పినా చెల్లిపోదు. అరిజోనాలో గిల్బర్ట్ అనే ఊళ్లో, సొంత భవనం లేని ఒక చిన్న చర్చి ఆదివారం ప్రార్థనకి దారి చూపే బోర్డులు పెట్టుకునేది. ఆ ఊరి రూలు ప్రకారం అలాంటి బోర్డు 6 చదరపు అడుగులు మించకూడదు, కార్యక్రమానికి 12 గంటల కంటే ముందు పెట్టకూడదు, అయిపోయిన గంటలోపు తీసేయాలి. భావాలు ప్రకటించే బోర్డుకైతే 20 చదరపు అడుగుల దాకా అనుమతి. బోర్డు మీద రాసిన విషయాన్ని బట్టి ఇలా తేడా చూపించడం చెల్లదని 2015లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తొమ్మిదిమంది జడ్జీలూ చర్చి వైపే నిలిచారు. ఆ తర్వాత ఎన్నో ఊళ్లు తమ సైన్ ఆర్డినెన్సులు తిరగరాసుకోవాల్సి వచ్చింది. సైజు, ఎత్తు, లైటు, పెట్టే చోటు మీద ఆంక్షలు పెట్టొచ్చు. రాతను బట్టి పెట్టాలంటే కోర్టులో నిలబడటం చాలా కష్టం.

ఇలాంటి రూల్స్ మీద చర్చ జరిగే సిటీ కౌన్సిల్ మీటింగుకి మీరూ వెళ్లొచ్చు. మా సిటీలో ఒక సాయంత్రం షాపు కిటికీల పోస్టర్ల మీద ఆర్డినెన్స్ వచ్చింది. కిటికీ అద్దంలో నాలుగో వంతుకి మించి కప్పకూడదని ప్రతిపాదన. బయటినుంచి పోలీసులకి లోపల కనపడాలి అన్నది వాళ్ల వాదన. మన ఇండియన్ గ్రోసరీ ఆయన వెనక వరసలో కూర్చుని, ఏమీ మాట్లాడకుండా లేచి వచ్చేశాడు. అదృష్టం కొద్దీ మా ఊళ్లో ఆర్డినెన్స్ రెండు మీటింగుల్లో చదివాకే పాసవుతుంది. రెండోసారికి ఆయన ఫోటోలు పట్టుకొచ్చాడు. "పడమటి ఎండ నేరుగా బియ్యం బస్తాల మీద పడుతుంది. అద్దానికి వేసింది ఎండ ఆపే ఫిల్మ్, ప్రకటన కాదు. దాన్ని లెక్కలోంచి తీసేయండి" అన్నాడు. ఒక కౌన్సిల్ మెంబరు స్టాఫ్‌ని అడిగింది, రాత లేని ఫిల్మ్‌ని మినహాయిస్తూ సవరణ పెట్టింది, పాసయింది. ఆయన మాట్లాడింది రెండు నిమిషాలు కూడా ఉండదు.

అజెండాలో ఉన్న అంశం మీద కౌన్సిల్ నిర్ణయం తీసుకునేలోపే జనాన్ని మాట్లాడనివ్వాలని 2019 నుంచి టెక్సాస్ చట్టంలో ఉంది. హెచ్-1బి మీద ఉన్నారా, గ్రీన్‌కార్డు ఉందా అని మైకు దగ్గర అడగరు. అజెండా సిటీ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. లోపలికి వెళ్లగానే స్పీకర్ కార్డు నింపి సిటీ సెక్రటరీకి ఇవ్వండి. చాలాచోట్ల మూడు నిమిషాలిస్తారు. "మాకు అన్యాయం జరుగుతోంది" అంటే తలూపి ఊరుకుంటారు. కొలతలు చెప్పండి, ఫోటో చూపించండి, ఏ వాక్యం మారిస్తే సరిపోతుందో చెప్పండి.

జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చన్న రూలు) మార్పులైతే ముందు ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్‌కి వెళ్తాయి. మీ స్థలానికి 200 అడుగుల లోపల ఏదైనా మార్చబోతుంటే ఆ హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందే మీకు ఉత్తరం పంపాలి. చూడ్డానికి ప్రకటన కాగితంలా ఉంటుంది, చెత్తబుట్టలో వేసేయకండి. వెనక ఖాళీ స్థలంలో గ్యాస్ స్టేషన్ వస్తోందన్న సంగతి చాలామందికి ముందుగా చెప్పేది ఆ కాగితమే.

ఇప్పటికే నోటీసు వచ్చి ఉంటే దాని మీదున్న ఆఫీసరుకి వెంటనే ఫోన్ చేసి, ఏ సెక్షన్ కింద ఇచ్చారో, ఎన్నాళ్లు గడువుందో అడగండి. ఇలా ఫోన్ చేసి మాట్లాడితే చాలాచోట్ల గడువు పొడిగిస్తారు. మీ స్థలం ఆకారం వల్లే రూలు పాటించడం కుదరడం లేదంటే బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్‌కి వేరియన్స్ (రూలు నుంచి మినహాయింపు) కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి ఫీజు ఉంటుంది, సర్వే కాగితం జతచేయాలి.