ట్రైలర్ లాగడం నేర్చుకుందాం – 3వ పాఠం: తలుపు పక్కన ఉన్న పసుపు స్టిక్కరు

కిందటి రెండు పాఠాల్లో ట్రక్కు వెనక తగిలించి లాగే ఇల్లులాంటి ట్రావెల్ ట్రైలర్‌కీ, ట్రక్కు తొట్టిలో బిగించి లాగే ఫిఫ్త్ వీల్‌కీ తేడా ఏమిటో, పాత ట్రైలర్ కొనేటప్పుడు పైకప్పు మూలల్లో, కిటికీల కింద చెమ్మ ఎలా పట్టుకోవాలో చూశాం. ఈ పాఠం అంతా బరువు గురించే. చదవడానికి కాస్త లెక్కల పుస్తకంలా ఉంటుంది. అయినా దాటేయకండి. పన్నెండు పాఠాల్లో ఒక్కటే చదవగలనని ఎవరైనా అంటే నేను ఇదే చదవమంటాను.

ముందు ఫోన్ పట్టుకుని మీ ట్రక్కు దగ్గరికి వెళ్లండి. డ్రైవరు తలుపు తీస్తే, తలుపు మూసుకునే స్తంభం మీద టైర్ల గాలి వివరాలతో పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు ఎప్పుడూ దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. ఆ సంఖ్యే పేలోడ్. ఫొటో తీసుకోండి. దాని పక్కనే ఉండే ఇంకో స్టిక్కరు మీద జీవీడబ్ల్యూఆర్, అంటే బండి మొత్తం ఎంత బరువుతో రోడ్డు మీద ఉండొచ్చో, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా ఎంత మోయగలవో ఉంటుంది. అదీ తీసుకోండి. ట్రక్కు వెనక, ట్రైలర్‌ను తగిలించే హిచ్‌ను బిగించే రిసీవర్ కింద మూడో స్టిక్కరు ఉంటుంది, వంగి చూడాలి.

ఇప్పుడు డీలరు మాట గుర్తు చేసుకుందాం. "మీ ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుంది సార్, ఈ ట్రైలర్ 7,000 పౌండ్లే, నిశ్చింతగా తీసుకెళ్లండి." అతను అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ 11,000 మీ కుటుంబానికి వర్తించే సంఖ్య కాదు. లాగే సామర్థ్యాన్ని కంపెనీలు ఎస్ఏఈ జే2807 అనే ప్రమాణం ప్రకారం లెక్కిస్తాయి. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి పొడవాటి ఎత్తు రోడ్డు మీద, ఏసీ పూర్తిగా వేసి, బండి నిర్ణీత కనీస వేగం కంటే కిందికి పడిపోకుండా ఎక్కగలదా అని చూసే కఠినమైన పరీక్ష అది. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మంచి పరీక్షే. అయితే ట్రక్కులో ఒక్కొక్కరు 150 పౌండ్ల చొప్పున ఇద్దరే ఉన్నారని, ట్రైలర్ బరువులో 10 శాతం మాత్రమే హిచ్ మీద పడుతోందని ఆ లెక్క అనుకుంటుంది. మన బళ్లలో ఇద్దరే ఎప్పుడు వెళ్లారు? ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలోనే కదా యెల్లోస్టోన్ ప్రయాణం పెట్టుకునేది.

కాబట్టి ప్రకటనలో ఉన్న సంఖ్య కంటే చాలా ముందే పేలోడ్ అయిపోతుంది. లెక్క వేసి చూద్దాం. హాఫ్ టన్ ట్రక్కు, అంటే ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500 తరగతి బండి అనుకోండి. స్టిక్కరు మీద పేలోడ్ 1,600 పౌండ్లు. ఆరుగురు కుటుంబం, ముందు కూడా ముగ్గురు కూర్చునే సీట్లున్న బండి.

భార్యాభర్తలు: 180 + 140
పిల్లలిద్దరు: 70 + 50
అమ్మ, నాన్న: 130 + 150
ట్రక్కు వెనక తొట్టిలో కుర్చీలు, కూలర్, పనిముట్లు: 150
హిచ్ పరికరం: 90

మొత్తం 960. 1,600 లోంచి తీసేస్తే మిగిలేది 640. ఆ 640 పౌండ్లే ట్రైలర్ ముక్కు మీ ట్రక్కు మీద మోపగలిగే బరువు. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. చాలామంది ట్రైలర్‌కి చక్రాలున్నాయి కదా, దాని బరువు అదే మోసుకుంటుంది అనుకుంటారు. అంతా మోయదు. కొంత మన వెనక ఇరుసు మీద కూర్చుంటుంది, అది పేలోడ్‌లోకే వస్తుంది.

టంగ్ వెయిట్ ఎంత ఉండాలి? ట్రావెల్ ట్రైలర్‌కి, సామాను నింపిన తర్వాతి బరువులో 10 నుంచి 15 శాతం. నేను 13తో లెక్క వేయమంటాను. 640ని 0.13తో భాగిస్తే సుమారు 4,900. అంటే ఈ కుటుంబం, ఈ ట్రక్కుతో, నిండుగా 4,900 పౌండ్లుండే ట్రైలర్ వరకే వెళ్లాలి. డీలరు చూపించింది 7,000 పౌండ్లది. 13 శాతం చొప్పున దాని ముక్కు ఒక్కటే 910 పౌండ్లు మోపుతుంది, మిగిలిన చోటు కంటే 270 ఎక్కువ. ఇంజను లాగుతుంది, అందులో అనుమానం లేదు. టైర్లు, వెనక ఇరుసు, స్ప్రింగులు మాత్రం పరిమితి దాటి పనిచేస్తాయి. ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది.

మరి ముక్కు బరువు తగ్గించేస్తే పోలా అని అడుగుతారు. అక్కడే అసలు ప్రమాదం ఉంది. మన ఊళ్లో ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తేటప్పుడు పెద్దవాళ్లు ఎలా సర్దేవారో చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడల మీద కుంగుతుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి మెడతాళ్లు గొంతుకు బిగుస్తాయి, ఎడ్లు నడవలేవు. ట్రైలర్ కూడా అంతే, కాకపోతే గంటకు 60 మైళ్ల వేగంలో. ముక్కు తేలికై వెనక బరువైన ట్రైలర్ ఒక్క గాలి విసురుకు, పక్కనుంచి పోయే సెమీ ట్రక్కు ఊపుకు అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఒక్కో ఊపూ తర్వాతి ఊపును పెంచుతుంది. హైవే పక్కన బోర్లాపడిన ట్రైలర్ల వెనక ఉండే కారణాల్లో ఇది ముఖ్యమైనది. అందుకే 10 శాతం కంటే తక్కువకు ఎప్పుడూ దిగొద్దు.

ఇంకో వల డ్రై వెయిట్. బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది అదే: ఫ్యాక్టరీ నుంచి ఖాళీగా బయటికి వచ్చినప్పటి బరువు. నీళ్లు లేవు, సామాను లేదు. బ్యాటరీ, అదనపు అమరికలు చాలాసార్లు డీలరు దగ్గరే చేరుతాయి. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. 40 గాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లకు పైనే. గ్యాస్ సిలిండర్లు రెండు, 20 పౌండ్ల రకం, నిండుగా ఒక్కోటి డబ్బాతో కలిపి సుమారు 37 పౌండ్లు. ఇక మన వంటిల్లు ఉంది: 20 పౌండ్ల సోనామసూరి సంచులు, కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, పిండి రుబ్బే గ్రైండరు. ట్రైలర్‌లో ఇల్లు పెట్టుకోవడమే కదా అందం, తీసుకెళ్లండి. కానీ డ్రై వెయిట్‌తో లెక్క వేయొద్దు. కొనేటప్పుడు ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ చూసి దానితోనే లెక్క వేసుకోండి. ఆ గరిష్ఠ బరువు కూడా మీ పరిమితిలో ఉంటే ఇక దిగుల్లేదు.

మినీవ్యాన్లు, ఎస్‌యూవీలు ఉన్నవాళ్లకి కూడా ఇదే పద్ధతి, సంఖ్యలే చిన్నవి. ఒడిస్సీ లాగే పరిమితి 3,500 పౌండ్లు, వీ6 హైలాండర్‌ది 5,000. కుటుంబం అంతా ఎక్కాక వీటి పేలోడ్‌లో మిగిలేది ఇంకా తక్కువ. నీటిబొట్టు ఆకారంలో ఉండే చిన్న టియర్‌డ్రాప్, మడత విప్పి పైకి లేపే పాప్‌అప్ రకాలు చూసుకోండి.

సామాను సర్దేటప్పుడు బరువైనవి ట్రైలర్ ఇరుసుల దగ్గర, కాస్త ముందుకు, నేలకు దగ్గరగా పెట్టండి. మొత్తం సామానులో 60 శాతం దాకా ఇరుసుకు ముందు ఉంటే మంచిది. పై అరల్లో తేలికైనవే. మంచినీళ్ల ట్యాంకు ఎక్కడుందో తప్పక కనుక్కోండి. కొన్నిటిలో మంచం కింద ముందువైపు, కొన్నిటిలో వెనకవైపు ఉంటుంది. వెనకుంటే నిండు ట్యాంకుతో ముక్కు తేలికవుతుంది.

వెనక బంపరుకు సైకిళ్లు కట్టే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. చాలా ట్రైలర్ల వెనక బంపరు మురుగు గొట్టం దాచుకునే పలుచని ఇనుప పెట్టె మాత్రమే. అది విరగడం ఒక సమస్య, బరువు సమతూకం ఇంకోటి. ఇరుసు నుంచి హిచ్‌కి 15 అడుగులు, ఇరుసు నుంచి సైకిళ్ల రాక్‌కి 10 అడుగులు అనుకుందాం. రాక్‌తో కలిపి 150 పౌండ్ల ఎలక్ట్రిక్ సైకిళ్లు అక్కడ పెడితే ముక్కు మీద 100 పౌండ్లు తగ్గిపోతాయి. మన లెక్కలో 640 కాస్తా 540 అవుతుంది, ట్రైలర్ 5,050 అవుతుంది. 13 శాతం నుంచి 10.7కి పడిపోయాం. దానికి తోడు వెనక నీళ్ల ట్యాంకు నింపితే 10 లోపలికి జారిపోతాం.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ సంగతి క్లుప్తంగా చెబుతాను, బిగించే విధానం ఐదో పాఠంలో ఉంది. రెండు స్ప్రింగు కడ్డీలతో అది ముక్కు బరువులో కొంత ట్రక్కు ముందు ఇరుసుకూ, కొంత ట్రైలర్ ఇరుసులకూ పంచుతుంది. రిసీవర్ స్టిక్కరు మీద ఇది ఉన్నప్పుడు ఎంత, లేనప్పుడు ఎంత అని రెండు పరిమితులు ఉంటాయి. కాబట్టి పేలోడ్‌లో కొంత తిరిగి వస్తుందని వాదించేవాళ్లున్నారు. వాళ్ల లెక్క తప్పు కాదు. కానీ కొనే ముందు ఆ వెసులుబాటును లెక్కలోకి తీసుకోవద్దని నా సలహా. అది చేతిలో మిగిలి ఉండనివ్వండి.

ఇదంతా కాగితం మీది లెక్క. నిజం తూకం మీద తెలుస్తుంది. అమెరికా అంతటా ట్రక్కు స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే తూకాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. సెమీ ట్రక్కుల కోసం పెట్టినవే అయినా ఎవరైనా తూయించుకోవచ్చు. రుసుము పెద్దగా ఉండదు. మొదటి తూకం తర్వాత అదే చోట మళ్లీ తూయించుకుంటే ఇంకా తక్కువ పడుతుంది. అక్కడ వరుసగా వేర్వేరు పలకలు ఉంటాయి. ట్రక్కు ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద వచ్చేలా ఆపాలి. బటన్ నొక్కి ఇది మొదటి తూకం అని చెబితే చాలు. చీటీ లోపల కౌంటరు దగ్గర ఇస్తారు, వాళ్ల యాప్‌లోనూ వస్తుంది. ప్రయాణానికి సర్దినట్టే అన్నీ సర్ది, ఇంటిల్లిపాదీ ఎక్కి వెళ్లండి. ఆ ట్రక్కు డ్రైవర్లకు అది పని వేళ, వాళ్ల దారికి అడ్డం పడకుండా ఆదివారం పొద్దున్నే వెళ్తే మర్యాదగా ఉంటుంది.

మూడు సార్లు తూయించాలి. ఒకటి, ట్రైలర్ తగిలించి స్ప్రింగు కడ్డీలు బిగించి. రెండు, కడ్డీలు విప్పి. మూడు, ట్రైలర్‌ను పార్కింగ్‌లో వదిలి ట్రక్కు ఒక్కటే, హిచ్ పరికరం అలాగే ఉంచి. కడ్డీలు విప్పడం, ట్రైలర్ వదలడం తూకం మీద కాదు, పక్కకు తీసుకెళ్లి చేయండి. మన ఉదాహరణకు చీటీలు ఇలా వచ్చాయనుకుందాం, వరుసగా ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్:

కడ్డీలతో: 3,140, 3,620, 4,400
కడ్డీలు లేకుండా: 2,980, 3,920, 4,260
ట్రక్కు ఒక్కటే: 3,260, 3,000

రెండో చీటీలో ట్రక్కు ఇరుసులు రెండూ కలిపితే 6,900. మూడో చీటీలో 6,260. తేడా 640, అదే టంగ్ వెయిట్. ట్రైలర్ మొత్తం బరువు 4,260కి ఆ 640 కలిపితే 4,900. శాతం 13. ఇక ముందు ఇరుసు చూడండి: ట్రైలర్ తగిలించగానే 280 పౌండ్లు తేలికైంది, కడ్డీలు బిగించాక 160 తిరిగి వచ్చింది. అంటే పోయినదాంట్లో సగానికి పైగా వెనక్కి తెచ్చాం. ఎంత తేవాలో మీ ట్రక్కు మాన్యువల్‌లో ఉంటుంది, కంపెనీకో రకంగా ఉంటుంది, దాని మాటే వినండి. చివరగా ఒక్కో ఇరుసు బరువునూ తలుపు దగ్గరి రెండో స్టిక్కరుతో పోల్చండి. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు ఒక్కటే దాటిపోయిన సందర్భాలుంటాయి.

ఇంత చేసినా ఏదో ఒక రోజు ట్రైలర్ ఊగొచ్చు. అప్పుడు ఏం చేయాలో ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి: ట్రక్కు బ్రేకు తొక్కొద్దు, వేగం పెంచొద్దు, స్టీరింగ్‌ను ఊపుకు ఎదురు తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ తిన్నగా గట్టిగా పట్టుకుని, ట్రక్కులోంచి ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ మీద ఉండే మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే కొద్దిగా వేయండి. ట్రైలర్ వెనక్కి గుంజి దానంతట అది గీతలోకి వస్తుంది. వచ్చాక సురక్షితమైన చోట ఆపి, ఎందుకు ఊగిందో వెతకకుండా మళ్లీ బయల్దేరొద్దు. సామాను జరిగిందా, టైరులో గాలి తగ్గిందా, వెనక కొత్తగా ఏమైనా కట్టామా చూడండి. ఆ మీట ఎక్కడుందో చీకట్లో కూడా చేతికి దొరికేలా ఖాళీ పార్కింగ్‌లో అలవాటు చేసుకోండి. మీ భార్య లేదా భర్త కూడా నడుపుతారంటే వాళ్ల చేత కూడా చేయించండి.

ఈ వారం ఇంటిపని: మూడు స్టిక్కర్ల ఫొటోలు, కుటుంబంలో అందరి బరువులు రాసి, పైన చూపించినట్టు మీ ట్రక్కుకు మిగిలే టంగ్ వెయిట్ కట్టండి. దాన్ని 0.13తో భాగించండి. ట్రైలర్ ఇప్పటికే ఉన్నవాళ్లు మూడు చీటీల తూకం కూడా చేయించుకుని రండి. వచ్చే పాఠంలో ఆ చీటీలతోనే పని ఉంది: ట్రైలర్ టైరు గోడ మీద రాసిన లోడ్ రేంజ్ చదవడం, తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు పట్టుకోవడం, బ్రేక్ కంట్రోలర్‌ను ట్రైలర్ బరువుకు తగ్గట్టు సరిచేయడం నేర్చుకుందాం.