గల్ప్ బిల్డ్‌లో కావాల్సిన ఫైళ్లనే ఎలా వడకట్టాలి?

గల్ప్ (బిల్డ్ పనులు నడిపే టూల్) నడుస్తుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు, తీరా ఫలితం చేరే డిస్ట్ ఫోల్డర్ తెరిచి చూస్తే సగం ఫైళ్లు ఉండవు. ఫిల్టర్ తప్పుగా పెడితే జరిగేది ఇదే. ఇదే తప్పు ఎన్నో ప్రాజెక్టుల్లో సరిచేశాను, అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నా.

సరంజామా సంగతి చప్పున చెప్పేస్తా. నోడ్, గల్ప్, ఫైళ్లు వడకట్టే గల్ప్-ఫిల్టర్, జేఎస్‌ని మినిఫై చేసే (అంటే కుదించే) గల్ప్-టెర్సర్, ఏ ఫైళ్లు వెళ్తున్నాయో చూపే గల్ప్-డీబగ్. ఎన్‌పీఎంతో డెవ్ డిపెండెన్సీలుగా వేసుకోండి. గల్ప్‌ఫైల్‌కి .ఎంజేఎస్ అని పేరు పెట్టి ఇంపోర్ట్ వాడండి, రిక్వైర్ వద్దు.

మొదటి వడపోత సోర్స్ దగ్గరే జరగాలి. బిల్డ్‌కి అసలు అక్కర్లేని ఫైల్, అంటే టెస్టులూ డ్రాఫ్టులూ లాంటివి, పైప్‌లోకి, అంటే ఫైళ్లు ఒక ప్లగిన్ నుంచి ఇంకోదానికి వెళ్లే దారిలోకి, రానే కూడదు. అర్రేలో ముందు కావాల్సిన ప్యాటర్న్‌లు, వాటి వెనకాల ! గుర్తుతో వద్దనుకున్నవి. ఎప్పుడూ ఈ వరుసే. ప్రాజెక్టు రూట్ నుంచి ఉత్త ** పెట్టకండి, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ మొత్తం లాక్కొస్తుంది. విండోస్‌లో ఉన్నా సరే గ్లాబ్‌లో (ఇలాంటి ఫైల్ ప్యాటర్న్‌లో) / మాత్రమే వాడాలి, \ అక్కడ ఫోల్డర్ల మధ్య గీత కాదు, ఎస్కేప్ గుర్తు.

ఇంకో సంగతి. నక్షత్రం (*) ఉన్న ప్యాటర్న్‌కి ఒక్క ఫైల్ కూడా దొరక్కపోతే గల్ప్ నోరెత్తదు. నక్షత్రం లేకుండా ఒకే ఫైల్ పేరు ఇచ్చి అది లేకపోతేనే ఎర్రర్ ఇస్తుంది. అందుకే ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా బిల్డ్ హాయిగా పూర్తయిపోతుంది.

ఇప్పుడు అసలు మెలిక. కొన్ని ఫైళ్లకి ఒక పని చేయాలి, మిగతావి ఆ పని తగలకుండా డిస్ట్‌కి చేరాలి. ఉదాహరణకి సోర్స్‌లో 7 ఫైళ్లు ఉన్నాయనుకోండి: మనం రాసిన జేఎస్ ఫైళ్లు 4, వెండర్ ఫోల్డర్‌లో ముందే మినిఫై అయి వచ్చినవి 2, ఒక సీఎస్ఎస్. టెర్సర్ ఆ 4 మీదే నడవాలి. ఫిల్టర్ అంటే "వీటిని పక్కన పెట్టు" అని చాలామంది అనుకుంటారు. కాదు, మామూలుగా అది మిగిలిన 3 ఫైళ్లనీ స్ట్రీమ్ (పైప్‌లో పారే ఫైళ్ల ప్రవాహం) నుంచి తీసేస్తుంది, అవి మళ్లీ రావు. తిరిగి రావాలంటే రెండు పనులు చేయాలి: ఫిల్టర్ తయారుచేసేటప్పుడు రిస్టోర్ ఆప్షన్‌కి ట్రూ ఇవ్వాలి, టెర్సర్ అయ్యాక ఆ ఫిల్టర్ తాలూకు రిస్టోర్‌ని పైప్‌లో కలపాలి. రెండింటిలో ఏది మర్చిపోయినా పని చెడుతుంది.

రిస్టోర్ పక్కన కుండలీకరణాలు పెట్టకండి. పాత పాఠాల్లో అది ఫంక్షన్‌గా కనిపిస్తుంది, గల్ప్-ఫిల్టర్ 3 నుంచీ అది ఫంక్షన్ కాదు, స్ట్రీమ్. పాత కోడ్ కాపీ కొడితే ఇక్కడే టైప్ ఎర్రర్ వస్తుంది.

ఫిల్టర్‌ని టాస్క్ ఫంక్షన్ లోపలే తయారుచేయండి. ఫైల్ పైభాగాన ఒక్కసారి రాసి అన్ని టాస్కుల్లో వాడితే శుభ్రంగా కనిపిస్తుంది, మొదటిసారి పనిచేస్తుంది కూడా. వాచ్ (ఫైల్ మారగానే బిల్డ్ మళ్లీ నడిపేది) పెట్టి రెండోసారి సేవ్ చేసినప్పుడు బయటపడుతుంది అసలు రంగు, ఎందుకంటే ఆ స్ట్రీమ్ మొదటి రన్‌తోనే ముగిసిపోయింది, అందులోకి ఇంకేమీ రాయలేరు. దీని కోసం ఒక సాయంత్రమంతా టెర్సర్‌ని అనుమానించిన టీమ్‌ని చూశాను.

ఫిల్టర్‌కి ఇచ్చే ప్యాటర్న్‌లో కూడా రెండు గోతులున్నాయి. అది పోల్చి చూసేది ప్రాజెక్టు రూట్ నుంచి ఉన్న దారిని. కాబట్టి *.జేఎస్ అంటే సోర్స్ లోపలి ఫైల్ ఏదీ దొరకదు, **/*.జేఎస్ అనే రాయాలి. రెండోది, ఉత్త ! ప్యాటర్న్ ఒక్కటే ఇస్తే "అది తప్ప అన్నీ" అని అర్థం కాదు, ఏదీ దాటదు. ముందు ** పెట్టి, తర్వాతే మినహాయింపు రాయండి.

షరతు నిజమైతేనే ప్లగిన్ నడిపే గల్ప్-ఇఫ్ వాడొచ్చు కదా అని అడుగుతారు. వద్దు. ఒక్క ప్లగిన్‌కి సరే, మూడు ప్లగిన్లుంటే అదే షరతు మూడు చోట్ల రాస్తారు, రేపు ఒకచోట మార్చి మిగతా రెండూ వదిలేస్తారు. ఫిల్టర్, రిస్టోర్ అయితే ఎక్కడ విడిపోయాయో ఎక్కడ కలిశాయో చదువుతుంటేనే తెలుస్తుంది, ఆ రెండు లైన్ల మధ్య ఎన్ని ప్లగిన్లు పెట్టుకున్నా పైన షరతు ఒక్కటే.

రిస్టోర్ తర్వాత ఫైళ్లు పాత వరుసలోనే వస్తాయని నమ్మకండి. వరుస ముఖ్యమైన పని, ఫైళ్లని ఒకటిగా కలిపే కాంక్యాట్ లాంటిది, ఫిల్టర్ కన్నా ముందే ముగించండి, లేదా దానికి వేరే టాస్క్ పెట్టండి.

చివరగా, ఫిల్టర్ తర్వాత ఒక గల్ప్-డీబగ్, రిస్టోర్ తర్వాత ఇంకొకటి, వేర్వేరు టైటిల్స్‌తో పెట్టి నడపండి. మన ఉదాహరణలో మొదటిది 4 అనాలి, రెండోది 7 అనాలి. రెండోది కూడా 4 అంటే రిస్టోర్ లైన్ చూడండి, మొదటిది 6 అంటే వెండర్ మినహాయింపు పడలేదు. అంకెలు సరిపోయాక డీబగ్ లైన్లు తీసేసి కమిట్ చేయండి.