నేల చెడకుండా ఇంట్లో బరువులు కదిలించడం – మూడో పాఠం: ఇనప బీరువా

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? రూపాయి బిళ్లతో గదిలో టైల్స్ అన్నీ కొట్టి చూసి, డొల్ల మోత వచ్చిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టమన్నాను. చేసినవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. డొల్ల మోత ఎక్కువగా టైల్ మూలల్లోనే వస్తుంది. మేస్త్రీ టైల్ వెనక నాలుగు ముద్దలు సిమెంటు పెట్టి అదిమేస్తే ఆ ముద్దలకీ అంచులకీ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. పైకి చూస్తే అద్దంలా ఉంటుంది, లోపల ఆనిక ఉండదు. ఇవాళ మన పనంతా ఆ సుద్ద గుర్తుల మధ్య నుంచే. చెయ్యనివాళ్లు ముందు అది కానిచ్చి రండి, పాఠం ఎక్కడికీ పోదు.

మంచం, బల్ల అయ్యాయి కదా, ఇక బీరువా. దీన్ని మూడో పాఠం దాకా ఆపడానికి కారణం ఉంది. మంచాన్ని విప్పొచ్చు, బల్లని తిరగెయ్యొచ్చు, బీరువాని రెండూ చెయ్యలేం. మామూలు ఆరున్నర అడుగుల బీరువా ఎత్తు 78 అంగుళాలు, వెడల్పు 36, లోతు 19 ఉంటుంది. రేకు మందాన్ని బట్టి ఖాళీదే 60 నుంచి 90 కిలోలు తూగుతుంది. చీరలూ, పాత దస్తావేజులూ, లాకర్లో వెండి సామానూ కలిస్తే అంతకి రెట్టింపు. ఆ బరువంతా నిలబడేది నాలుగు చిన్న కాళ్ల మీద.

గీసేది ఎవరు?

బీరువా జరిపితే గీత పడింది అంటాం. నిజానికి చాలాసార్లు గీసేది బీరువా కాదు, దాని కాలి కింద ఇరుక్కున్న ఇసుక రేణువు. మన గోదావరి ఇసుకలో ఎక్కువ భాగం పలుగురాయి పొడే. రాళ్ల గట్టితనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ కొలతలో పలుగురాయిది 7. పాలరాయిది 3. తాండూరు బండ, కడప బండ కూడా సున్నపురాయి జాతే, అవీ మూడు దగ్గరే. మెత్తటి ఇనుము నాలుగు, ఐదు మధ్య ఉంటుంది. అంటే మన ఇళ్లలో పరిచే బండల్ని ఇనుమూ గీస్తుంది, ఇసుక అయితే దున్నేస్తుంది. విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్ కొంత తట్టుకుంటాయి గానీ, వంద కిలోలు పైన కూర్చుని నొక్కుతుంటే వాటి పాలిష్ కూడా ఇసుక ముందు నిలవదు.

లంక గ్రామాల్లో, ఏటిగట్టు పక్క ఊళ్లలో ఇసుక ఇంట్లోకి రాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. చెప్పులతో వస్తుంది, సైకిల్ టైరుతో వస్తుంది, గాలికే వస్తుంది. అందుకని బీరువా మీద చెయ్యి వేసే ముందు చేతిలోకి తీసుకోవాల్సింది చీపురు. అదీ మెత్తటి చీపురు. కొబ్బరి ఈనెల చీపురు వాకిలికి బాగుంటుంది గానీ, నున్నటి టైల్ మీద సన్న ఇసుకని వదిలేస్తుంది. ఊడ్చాక తడిగుడ్డ పెట్టండి, నేల పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత అరచేతిని నేల మీద ఆనించి, బీరువా వెళ్లే దారంతా మెల్లగా రాయండి. కంటికి కనిపించని రేణువు అరచేతికి తెలుస్తుంది. బీరువా ముందర నేల శుభ్రంగానే ఉంటుంది, దాని కిందే ఏళ్ల తరబడి చేరిన దుమ్ము. పొడుగు కర్రకి గుడ్డ చుట్టి దాన్ని లాగెయ్యండి.

ఇక్కడే మరో మాట. తెల్లటి టైల్ మీద నల్లటి చార కనిపించగానే గుండె జారనక్కర్లేదు. గోరుతో అడ్డంగా గీకి చూడండి. గోరు తట్టుకుంటే అది గీతే, చేసేదేం లేదు. తట్టుకోకపోతే అది కాలి ఇనుము అరిగి అంటుకున్న మరక. విట్రిఫైడ్ టైల్ అయితే తినేసోడా ముద్దచేసి గుడ్డతో రుద్దితే చాలావరకు పోతుంది. పాలరాయి మీద, తాండూరు, కడప బండల మీద మాత్రం నిమ్మకాయ, వెనిగర్, బాత్రూం యాసిడ్ ఏదీ పొయ్యకండి. పులుపు తగిలితే సున్నపురాయి కరిగి మెరుపు పోతుంది, మరక ఉన్నచోట మచ్చ మిగులుతుంది.

ఖాళీ చెయ్యడం

తలుపు తీసి అరలు ఖాళీ చెయ్యండి. ఇందులో నేర్పడానికేం లేదు, బద్ధకించకపోవడమే. ఖాళీ అయ్యాక తలుపులు తాళం వేసి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. దాన్ని తాళానికే వదిలేస్తే గుమ్మానికి తగిలి విరిగేది అదే. తలుపు లోపల అద్దం ఉంటే తాళం వేసే ముందే దాని మీద దుప్పటి మడిచి పెట్టి మూయండి. ఆపైన నడుం దగ్గర నూలు తాడు ఒక చుట్టు. దారి వెడల్పు కూడా ఇప్పుడే కొలవండి. పడకగది గుమ్మం రెండున్నర అడుగులే అయితే 36 అంగుళాల వైపు పట్టదు, 19 అంగుళాల పక్క ముందుకు వెళ్లాలి. పిడి బయటికి పొడుచుకొచ్చే అంగుళమో రెండంగుళాలో కలుపుకోవడం మరిచిపోకండి.

అంగుళం ఎత్తు

బీరువాని మనం మొయ్యం. ఒక పక్క అంగుళం, మహా అయితే రెండంగుళాలు ఎత్తి కింద గుడ్డ తోస్తాం, అంతే. ఎత్తేది కుడి పక్కో ఎడమ పక్కో అవ్వాలి. ముందు నుంచి గానీ వెనక నుంచి గానీ ఎత్తకూడదు. లోతు 19 అంగుళాలే కాబట్టి ముందుకో వెనక్కో పద్నాలుగు డిగ్రీలు వంగితే చాలు, పడిపోతుంది. పక్కకైతే పాతిక డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కుడి పక్క అంగుళం లేపితే వంపు రెండు డిగ్రీలు కూడా ఉండదు.

ఎత్తడానికి గునపం వాడకండి, ఎంత జాగ్రత్త పడినా దాని మొన టైల్ మీద పడుతుంది. మనకి సరుగుడు బాదులకి కరువేముంది? నాలుగడుగుల బాదు తీసుకుని ఒక కొసని ఉలితో పలకగా చెక్కించండి. దాన్ని ఆనించడానికి మూడంగుళాల మందం చెక్కదిమ్మ కావాలి. దిమ్మ కింద అడుగు చదరం ప్లైవుడ్ ముక్క, దాని కింద గుడ్డ. ఆ ప్లైవుడ్ పెట్టేది సుద్ద గుర్తు లేని చోట.

లెక్క చూడండి. బీరువా 75 కిలోలు అనుకుందాం. ఒక పక్కే లేపుతున్నాం కాబట్టి మన మీద పడేది అందులో సగం, 37 కిలోలు. బాదు 48 అంగుళాలు, దిమ్మ కొస నుంచి 6 అంగుళాల దగ్గర ఉంటే మన చేతి వైపు 42 మిగులుతుంది. ఆరుకి నలభై రెండంటే ఏడు రెట్లు. మనం వెయ్యాల్సిన బరువు ఐదు కిలోల పైచిలుకు. ఇంట్లో పెద్దావిడ కూడా ఒంటిచేత్తో నొక్కగలదు. బదులుగా చెయ్యి ఏడంగుళాలు దిగితే బీరువా ఒక్క అంగుళమే లేస్తుంది. మనకి కావాల్సిందీ అంతే.

బాదు కొస ఆనాల్సింది కింది ఫ్రేము అంచుకి. రేకుకి ఆనిస్తే రేకు లోపలికి సొట్టపోతుంది. ఒకరు బాదు నొక్కుతారు, ఇంకొకరు బీరువా పైభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడతారు, మూడోవాళ్లు గుడ్డ తోస్తారు. తోసేది కర్రతోనే. వేళ్లు కిందికి పెట్టే పని ఈ పాఠంలోనే కాదు, ఏ పాఠంలోనూ లేదు.

గుడ్డ రెండు పొరలు. నేలకి తగిలేది నాలుగు మడతలు వేసిన పాత కంబళి. దాని మీద దులిపిన గోనె సంచి. గోనె గరుకుగా ఉంటుంది కాబట్టి కాళ్లు జారకుండా పట్టుకుంటుంది, కంబళి నున్నటి నేల మీద సాగిపోతుంది. ఒక పక్క రెండు కాళ్లకీ కలిపి ఒకటే మడత వెయ్యండి, లాగడానికి కొస అడుగు పొడుగున బయటికి ఉంచండి. తర్వాత రెండో పక్క. బియ్యం వచ్చే ప్లాస్టిక్ బస్తా టైల్స్ మీద ఇంకా బాగా జారుతుంది, అయితే కాలి అంచుకి చిరిగిపోతే మీకు తెలియదు, తెలిసేసరికి గీత పడి ఉంటుంది. గరుకు కడప బండల మీద, సిమెంటు గచ్చు మీద అది రెండడుగులు కూడా నిలవదు. అక్కడ మందపాటి జంపఖానా వాడండి. పాత ఎర్ర గచ్చు ఉన్న ఇళ్లలో మరీ జాగ్రత్త. ఆ రంగు పొర చాలా పల్చన, అతుకు వేస్తే జన్మలో కలవదు. సబ్బునీళ్లు పోసి తోసెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. బీరువా కన్నా ముందు మనిషి జారతాడు.

తోయడం

పొడుగు వైపే కదలాలి. అంటే 19 అంగుళాల పక్కన నిలబడి తోస్తారు. చేతులు నడుం కన్నా కిందే ఉండాలి. భుజం ఎత్తున తోస్తే అది కదలకుండా ఒరుగుతుంది. ఒకరు కిందనుంచి తోస్తుంటే రెండోవాళ్లు అవతల కంబళి కొస పట్టి నేలకి సమంగా లాగాలి, పైకి కాదు. ఒక్కో విడత మూరెడు చాలు. ఆగి, గుడ్డ మడత కాలి కిందే ఉందో లేదో చూసుకుని మళ్లీ తోయండి. దారిలో సుద్ద గుర్తులు తప్పించుకోలేకపోతే అక్కడ ప్లైవుడ్ పలక పరిచి దాని మీదుగా నడిపించండి. బరువు నాలుగైదు టైల్స్ మీదకి పంచుకుపోతుంది.

మాట ఒక్కరే చెప్పాలి. ముఠా కూలీలని చూడండి, పదిమంది పట్టుకున్నా పలికేది ఒకడే, మిగతావాళ్లు హైలెస్సా అంటారు. మన ఇళ్లలో నలుగురు పట్టుకుంటే నలుగురూ చెబుతారు. ఒక ఇంట్లో వదినగారు ఈ గొడవ చూసి, "బావగారూ, మీరు పట్టుకోండి చాలు. ఎప్పుడు తొయ్యాలో నేను చెబుతాను" అన్నారు. ఆయన "ఆయ్, అలాగేనండి" అని ఊరుకున్నాడు. పని పావుగంటలో తెమిలింది. బరువు పట్టుకోని మనిషికే దారి మొత్తం కనిపిస్తుంది, కాబట్టి మాట చెప్పే పని వాళ్లకే ఇవ్వండి.

గడప

అసలు చిక్కు ఇక్కడ. పసుపు రాసి బొట్టు పెట్టిన గడప మీద బరువు ఆనించడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది కూడా. కొత్త ఇళ్లలో గడప అంగుళం, అంగుళంన్నర ఉంటుంది, పాత మండువా లోగిళ్లలో జానెడు దాకా. ఆ అంచు మీద బీరువా నడుం పడితే చెక్క చీలుతుంది, లేదా ఫ్రేము వంగుతుంది.

గడపకి ఇటూ అటూ గడప కన్నా వేలెడు ఎత్తుగా చెక్కలు పేర్చండి. పాత ఇళ్లలో అయితే ఇటుకలు, వాటి కింద గోనె. వాటి మీద గడపని దాటుకుంటూ ముప్పాతిక అంగుళం మందానికి తగ్గని పలక వెయ్యండి. పలకకీ గడపకీ మధ్య చిటికెనవేలు దూరాలి. బరువు పడ్డాక పలక కాస్త కుంగుతుంది, ఆ ఖాళీ అందుకే. ఎక్కడానికి ఒక వాలు పలక, దిగడానికి ఒకటి. దిగేటప్పుడు తోసే మనిషి అక్కర్లేదు, పట్టి ఆపే ఇద్దరు కావాలి. వాళ్లు బీరువాకి ఎదురుగా కాకుండా చెరో పక్కన ఉండాలి. జానెడు ఎత్తు గడప అయితే ఊరికే ఇబ్బంది పడకండి, ముఠా వాళ్లని పిలవండి. వాళ్లకి ఇచ్చే కూలి కన్నా పాత టేకు గడప మార్పించే ఖర్చు చాలా ఎక్కువ.

దించడం

చేరాల్సిన చోటికి వచ్చాక ఎక్కించినట్టే ఒక్కో పక్క లేపి గుడ్డలు తీసెయ్యండి. రేపు తీద్దాంలే అని వదలకండి. మన తేమకి కంబళి చెమ్మ పీల్చుకుంటే రెండు రోజుల్లో కాళ్లు తుప్పు పట్టి, నేల మీద నాలుగు ఎర్ర మచ్చలు దిగుతాయి. కాళ్లకి రబ్బరు బుష్‌లు వేసేయడానికి ఇదే సమయం, ఇనప సామాన్ల కొట్లో దొరుకుతాయి. తలుపు సరిగ్గా పడకపోతే బీరువా చెడిందని కంగారు పడొద్దు, నేల వాటం తేడా. ఏ కాలు ఊగుతోందో చూసి దాని కింద పల్చటి ప్లైవుడ్ ముక్క పెట్టండి. అట్టముక్క పెడితే తడికి నాని అణిగిపోతుంది.

ఈసారి పని

పాతిక కిలోల బియ్యం బస్తాని చిన్న పలక మీద పడుకోబెట్టి, పలక ఒక అంచుని బాదుతో అంగుళం లేపి, చప్పుడు రాకుండా దించండి. లేపడం ఎవరికైనా వస్తుంది. దించేటప్పుడే చాలామంది చెయ్యి వదిలేస్తారు, టైల్ పగిలేదీ అప్పుడే. చప్పుడు లేకుండా వరసగా నాలుగుసార్లు దించగలిగితే బీరువా దగ్గరికి వెళ్లండి.

వచ్చే పాఠం వరద నీళ్లు తగలకుండా బీరువాని ఇటుకల మీదకి ఎక్కించడం. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. 2022 జులైలో ఆ వరద 25 లక్షలు దాటింది. లంకల్లో ఉండేవాళ్లు మొదటి హెచ్చరికకే ఈ పని ముగించుకోవాలి, ముంగిట్లోకి నీళ్లొచ్చాక బురద కాళ్లతో బాదు పట్టుకోవడం కుదరదు. అందాకా పదహారు గట్టి ఇటుకలు, అడుగు చదరం పలకలు నాలుగు సిద్ధం చేసుకోండి. ఇటుకలు ముందే కడిగి ఎండబెట్టండి, వాటికీ ఇసుక అంటుకుని ఉంటుంది.